ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు "మార్చి ఇస్తాం" అంటే వెంటనే ఒప్పుకోకండి

గ్రాఫిక్స్ కార్డు పోయిందని, కొత్తది వేస్తామని ఎవరైనా చెబితే డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ మోడల్‌లో విడిగా ఊడదీసే కార్డు అసలు ఉందా?" జవాబు చెప్పడానికి నసిగితే మెషిన్ తీసుకుని బయటికి వచ్చేయండి.

నాకు జరిగింది ఇదీ. త్రీడీ పని ఏది మొదలుపెట్టినా తెర మీద రంగురంగుల చుక్కలు వచ్చి, మెషిన్ ఆగిపోయేది. మరమ్మతుకు ఇస్తే "కార్డు పోయింది, కొత్తది తెప్పిస్తాం" అన్నారు. బిల్లులోనూ గ్రాఫిక్స్ కార్డు మార్పిడి అనే రాశారు, సొమ్మూ కొత్త విడిభాగానికి తగ్గట్టే తీసుకున్నారు. కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత మళ్లీ అవే చుక్కలు. వేరే టెక్నీషియన్‌తో విప్పించి చూస్తే లోపల ఉన్నది పాత చిప్పే! దాని చుట్టూ లోహపు అతుకులు వేసేటప్పుడు పూసే ఫ్లక్స్ ఎండి అంటుకుని ఉంది, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్ వేడికి వంగిపోయింది. వేడిగాలి కొట్టి తిరిగి ఇచ్చారన్నమాట. నిలదీస్తే "అదీ రిపేరే కదండీ" అన్నారు. రిపేరే అయితే బిల్లులో మార్పిడి అని ఎందుకు రాసినట్టు?

చాలా ల్యాప్‌టాప్‌లలో కార్డు అనేదే ఉండదు. గ్రాఫిక్స్ చిప్పును వందలాది చిన్న సోల్డర్ (కరిగించి అతికించే లోహం) బంతులతో నేరుగా మదర్‌బోర్డుకు అతికిస్తారు. నిజంగా మార్చాలంటే ప్రత్యేక యంత్రంతో చిప్పును లేపి సరిగ్గా అలాంటిదే వేయాలి, లేదా బోర్డు మొత్తం మార్చాలి. వేడి చేస్తే కొన్నాళ్లు పనిచేయడానికీ కారణం ఉంది. తెగేది చాలాసార్లు కింది బంతుల దగ్గర కాదు, చిప్పు లోపల సిలికాన్ ముక్కను దాని పీఠానికి కలిపే అతుకుల దగ్గర. వేడికి అవి తాత్కాలికంగా కలుస్తాయి, వాడుతుంటే మళ్లీ విడిపోతాయి. ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఇలాంటి లోపం వల్లే గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా 2008 జులైలో 15 నుంచి 20 కోట్ల డాలర్ల ఖర్చు చూపించాల్సి వచ్చింది. ఆ లోపమున్న చిప్పుకు కింది బంతులు కొత్తవి వేసి, రీబాలింగ్ చేశామని చెప్పినా ఒరిగేదేమీ లేదు.

మరమ్మతుకు ఇచ్చేముందు చిప్పు పైభాగం ఫోటో తీయించుకోండి. ఎన్విడియా చిప్పుల మీద తయారీ కోడ్ ఉంటుంది: 0732 అని ఉంటే 2007వ సంవత్సరం 32వ వారం. పని అయ్యాక మళ్లీ ఫోటో అడగండి, తీసేసిన చిప్పును వెనక్కి ఇమ్మనండి. నిజంగా మార్చినవాళ్లకు అది ఇవ్వడం కష్టమేమీ కాదు.

కొన్ని పాత వర్క్‌స్టేషన్, గేమింగ్ మోడళ్లలో ఎంఎక్స్ఎం అనే ఊడదీసే కార్డు ఉంటుంది. అక్కడ మోసం మరో రకం: "సాకెట్ ఒకటే, ఏదైనా పడుతుంది" అని అంటగడతారు. టైప్ ఎ కార్డు 82×70 మిల్లీమీటర్లు, టైప్ బి 82×105. కొలత కుదిరినా వేడిని లాగేసే హీట్‌సింక్ స్క్రూ రంధ్రాలు కలవకపోవచ్చు, విద్యుత్తు చాలకపోవచ్చు, మెషిన్ ఆన్ కాగానే నడిచే బయాస్ ప్రోగ్రామ్ ఆ కార్డును గుర్తించకపోవచ్చు. సరిగ్గా మీ మోడల్‌లో అదే కార్డు నడిపినవాళ్లు కనిపించేదాకా కొనకండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే గ్రాఫిక్స్ చిప్పు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. పాత చిప్పుకు కొత్త పేరు ఎక్కించిన నకిలీలను చాలావరకు అది పట్టేస్తుంది.

ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న మెషిన్లలో చెడిన చిప్పును ఆపేసినా మామూలు పనులు సాగిపోతాయి. నాది ఇప్పుడు అలాగే నడుస్తోంది. పాత ల్యాప్‌టాప్‌లు అమ్మేవాళ్లలో కొందరు సరిగ్గా ఇదే చేసి, మాట్లాడకుండా అమ్మేస్తారు. అందుకే కొనేముందు డివైజ్ మేనేజర్‌లో రెండు గ్రాఫిక్స్ పేర్లూ కనిపిస్తున్నాయో లేదో చూసి, అమ్మేవారి ఎదుటే అరగంటసేపు బరువైన త్రీడీ పరీక్ష నడపండి.