నొప్పి పట్టుకున్న రన్నర్‌కి ఫిజియో మేలా, కస్టమ్ ఇన్సోల్ మేలా?

బెంగళూరులో ఏదైనా పెద్ద రేసు అయిపోయిందంటే ఆ వారమే నాకు ఈ ప్రశ్న మొదలవుతుంది. వరల్డ్ 10కె అయినా, బెంగళూరు మారథాన్ అయినా, ఆగస్టులో హైదరాబాద్ వెళ్లి అక్కడి ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి వచ్చినా అంతే. "అన్నా, మడమ నొప్పి పోవట్లేదు. పాదం స్కాన్ తీసి, షూ లోపల పెట్టుకునే కస్టమ్ ఇన్సోల్ చేయించుకోమంటున్నారు, 12 వేలట. చేయించుకోనా, ఫిజియోకి వెళ్లనా?" మా వైట్‌ఫీల్డ్ వైపు పరిగెత్తే తెలుగువాళ్లలో చాలామంది ఈ మాట అడిగే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా, ఇకమీద అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా. నేను డాక్టర్ని కాను, ఫిజియోనీ కాను. చాలాకాలంగా పరిగెడుతున్నాను, మా గుంపులో కొత్తవాళ్లకి ట్రైనింగ్ ప్లాన్లు రాసిస్తుంటాను, అంతే.

ముందొకటి తేల్చేద్దాం. నొప్పి ఒక్క వేలితో చూపించగలిగేంత చోటే ఉండి, ఆ కాలి మీద గెంతితే జివ్వుమని, రాత్రి పడుకున్నా లాగుతుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు కావచ్చు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, ఎంఆర్‌ఐ కావాల్సి వస్తుంది. అలాంటప్పుడు పరుగు ఆపేసి నేరుగా స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇది చదవడం కూడా ఆపేయండి. నేను మాట్లాడేది మూడింటి గురించి: అరికాలి నొప్పి అంటే ప్లాంటార్ ఫేషియైటిస్, మడమ వెనక అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు లాంటిది) నొప్పి, మోకాలి చిప్ప చుట్టూ వచ్చే నొప్పి.

నా లెక్కలో తేల్చే విషయం ఒక్కటే. ఆ వైద్యం అయ్యాక మీ కాలు ఇప్పటికంటే ఎక్కువ బరువు మోయగలుగుతుందా? రన్నర్ల నొప్పుల్లో ఎక్కువ భాగం కాలు తట్టుకునేదానికన్నా ఎక్కువ పరుగు ఒక్కసారిగా మీద పడటం వల్ల వచ్చేవే. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, కండరం కొంచెం ఆలస్యంగా, టెండన్ ఇంకా ఆలస్యంగా. అందుకే రెండు నెలల్లో 5కె నుంచి హాఫ్ మారథాన్‌కి దూకినవాడికి ఆయాసం రాదు గానీ మడమ పట్టేస్తుంది. ఇన్సోల్ ఏం చేస్తుందంటే ఆ బరువును కొంచెం పక్కకి జరుపుతుంది. పాదం వంపు కింద ఆధారం పెడితే మడమ నుంచి వేళ్ల దాకా ఉండే అరికాలి పట్టీ మీద లాగుడు తగ్గుతుంది, మడమ కింద ఎత్తు పెడితే అకిలిస్‌కి ఊరట. బిందెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నట్టన్నమాట. నొప్పి పుట్టిన వైపుకి విశ్రాంతి దొరకడం నిజమే, కాదనను. కానీ బిందెలో నీళ్లు తగ్గలేదు, మోసే మనిషికి బలమూ పెరగలేదు. ఆ బలం బరువుతో చేసే వ్యాయామంతో వస్తుంది. దాన్ని సరిగ్గా నేర్పి, వారం వారం పెంచుకుంటూ తీసుకెళ్లడం మంచి ఫిజియో పని.

దీనికి ఆధారాలు పాతవే. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే పరిశోధకుడి బృందం 1998లో, మొండి అకిలిస్ నొప్పితో ఉన్న 15 మంది చేత మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం చేయించింది. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడు సెట్లు, వంచి ఇంకో మూడు, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. అంటే రోజుకు 180. అందరూ మళ్లీ పరుగుకు వచ్చారు. అరికాలి నొప్పి మీద డెన్మార్క్‌లో చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. కాలివేళ్ల కింద టవల్ చుట్ట పెట్టి, మెట్టు మీద ఒంటికాలితో మూడు సెకన్లు పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు కిందికి, రోజు విడిచి రోజు. తేలికైపోయిన కొద్దీ వీపు మీద బ్యాగులో పుస్తకాలు వేసుకోవడం. మూడు నెలలకి వీళ్లు స్ట్రెచింగ్ చేసినవాళ్లకంటే బాగున్నారు, ఏడాది దాటాక ఇద్దరూ దాదాపు సమానమే. ఇందులో రెండు గుంపులకూ షూలో పెట్టుకునే ఇన్సోళ్లు కూడా ఇచ్చారు, కాబట్టి ఫిజియో కావాలంటే ఇన్సోల్ వదిలేయాలి అనే పంతం ఎవరికీ అక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్ మెట్లు, ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగు చాలు దీనికి, జిమ్ కూడా అక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అకిలిస్ నొప్పి మడమ ఎముకకు అతుక్కునే చోటే ఉంటే మెట్టు అంచు నుంచి కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి.

ఇక కస్టమ్ ఇన్సోల్ సంగతి. ఇన్సోల్ పనిచేయదని నేను అనట్లేదు, దానికి కస్టమ్ ధర ఎందుకన్నదే నా ప్రశ్న. ఆస్ట్రేలియాలో 2006లో వచ్చిన పరిశోధనలో అరికాలి నొప్పి ఉన్న 135 మందిని మూడు గుంపులు చేసి, కొందరికి ఉత్తుత్తి ఇన్సోల్, కొందరికి రెడీమేడ్, కొందరికి కొలతలు తీసి చేసినది ఇచ్చారు. మూడు నెలలకి రెడీమేడ్, కస్టమ్ రెండూ కొద్దిగా మేలు చేశాయి, అదీ దాదాపు సమానంగా. ఏడాదికి చూస్తే ఉత్తుత్తిదానికీ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మోకాలి చిప్ప నొప్పి మీద కూడా ఆస్ట్రేలియాలోనే 179 మందితో చేసినది 2008లో వచ్చింది. అందులో రెడీమేడ్ ఇన్సోల్ ఆరు వారాల దగ్గర చదునైన ఇన్సోల్ కంటే మెరుగ్గా కనిపించింది, ఫిజియోతో పోలిస్తే ఎక్కువా కాదు తక్కువా కాదు, రెండూ కలిపి ఇచ్చినా అదనంగా ఒరిగిందేమీ లేదు. అకిలిస్‌కైతే 2015లో వచ్చిన ఫలితం ఇంకా సూటిగా ఉంది. పిక్క వ్యాయామాలు అందరిచేతా చేయించి, సగం మందికి కస్టమ్, సగం మందికి ఉత్తుత్తిది ఇస్తే తేడా రాలేదు.

మరి షాపులో ఆ రంగుల పటం? పలక మీద నిలబెట్టి ఎరుపు, పసుపు, నీలం చూపించి "మీది ఫ్లాట్ ఫుట్ సార్, అందుకే నొప్పి" అంటారు కదా. టెన్షన్ పడకండి. డెన్మార్క్‌లో కొత్తగా పరుగు మొదలెట్టిన 927 మందికి అందరికీ ఒకే రకం మామూలు షూలు ఇచ్చి ఏడాది పాటు చూస్తే, ఫ్లాట్ ఫుట్‌లోలాగా పాదం లోపలికి వాలేవాళ్లకి గాయాలు ఎక్కువేమీ కాలేదు. పైగా కదలకుండా నిలబడ్డ పాదాన్ని కొలిచి పరిగెత్తే పాదం గురించి తీర్పు చెప్పడం నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాదు. నొప్పి లేని రెండో కాలికీ అదే ఫ్లాట్ ఫుట్ ఉంటుంది, దాని సంగతి వాళ్లు ఎత్తరు.

ఇంకో మాట, ఇది విదేశీ పరిశోధనల్లో దొరకదు. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం. అరికాలి నొప్పి బాగా తెలిసేది పొద్దున్నే మంచం దిగి గ్రానైట్ నేల మీద మొదటి నాలుగడుగులు వేసినప్పుడు, ఆ సమయానికి 12 వేల ఇన్సోల్ గుమ్మం బయట షూ ర్యాక్‌లో ఉంటుంది. ఆఫీసుకి చాలామంది శాండల్స్, వారాంతం అంతా హవాయి చెప్పులు. రోజు మొత్తం మీద ఆ ఇన్సోల్ కాలి కింద ఉండేది పరిగెత్తే గంట, గంటన్నర. పిక్కలో, అరికాల్లో పెంచుకున్న బలమైతే వంటింట్లోకి కూడా మీతోనే వస్తుంది. ఈ ఒక్క కారణానికే నా మొగ్గు ఫిజియో వైపేనని దాచుకోను.

అయితే ఫిజియో అని బోర్డు కనిపించిన ప్రతిచోటా ఇది దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు. నన్ను చిరాకు పెట్టేది ఇన్సోల్ అమ్మేవాళ్ల కంటే ఇదే. చాలాచోట్ల పడుకోబెట్టి కరెంటు పెడతారు, అల్ట్రాసౌండ్ తిప్పుతారు, ఒక టేపు అంటించి పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టించుకుంటారు. బరువు అనే మాటే రాదు. నేనూ ఒకచోట ప్యాకేజీ కట్టి మెషీన్ల కింద పడుకుని వచ్చాను, ఒక్కరోజు కూడా నా చేత మడమ ఎత్తించలేదు. అలాంటి ఫిజియో కంటే రెడీమేడ్ ఇన్సోలే నయం, కనీసం ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ తప్పుతుంది. మొదటి సిట్టింగులోనే గమనించండి: గత రెండు మూడు నెలల్లో వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారో అడిగారా? ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టారా? రెండు కాళ్లకీ తేడా చూశారా? ఎంత నొప్పి వరకు పరవాలేదో, మర్నాడు పొద్దున ఎలా ఉంటే తగ్గించాలో చెప్పారా? ఇవన్నీ ఉంటే ఆ మనిషిని వదలొద్దు. మొదట్లో కొన్ని సిట్టింగులు, తర్వాత రెండు మూడు వారాలకోసారి చూపించుకుంటే సరిపోతుంది, మిగతాదంతా ఇంట్లో మీ పని. ఒక జత కస్టమ్ ఇన్సోళ్ల ఖర్చులో ఇది సుమారుగా అయిపోతుంది కూడా.

ఆ ఇంట్లో పని చేయనివాళ్లే ఎక్కువ, అదీ ఒప్పుకోవాలి. 12 వారాలంటే పండగలు, ఊరి ప్రయాణాలు, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ రాత్రులు అన్నీ మధ్యలో వస్తాయి. ఇన్సోల్‌కి ఉన్న పెద్ద బలం అదే, షూలో పెడితే దాని పని అది చేసుకుపోతుంది. చచ్చినా వ్యాయామం చేయను అని మీకే తెలిస్తే రెడీమేడ్ కొనుక్కుని పరుగు తగ్గించుకోండి, అందులో తప్పేం లేదు.

మిగతావి క్లుప్తంగా. పూర్తి విశ్రాంతితో నొప్పి పోతుంది, మళ్లీ మొదలెట్టగానే వస్తుంది. టేపు వారం పది రోజుల పని. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని త్వరగా తగ్గిస్తుంది గానీ అరికాలి పట్టీ తెగే ప్రమాదం ఉంది, రన్నర్లు దాన్ని ఆఖరి మార్గంగా పెట్టుకోవాలి. షాక్‌వేవ్ (మెషీన్‌తో నొప్పి చోట తరంగాలు పంపే వైద్యం) మొండి నొప్పులకి, వ్యాయామంతో పాటు. కొత్త షూలు కొనడం మీ సరదా. నూనె మర్దన హాయిగా ఉంటుంది, చేయించుకోండి.

కస్టమ్ నిజంగా అవసరమైనవాళ్లూ ఉన్నారు. పాదం వంపు బాగా ఎత్తుగా, బిగుసుకుపోయి ఉండి నొప్పి పెట్టేవాళ్లకి కస్టమ్ మేలు చేస్తుందన్న ఆధారం గట్టిగానే ఉంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు, పాదం మధ్య కీళ్లు అరిగినవాళ్లు, చీలమండ లోపలివైపు టెండన్ దెబ్బతిని వంపు కూలిపోతున్నవాళ్లు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు నా మాటలు పక్కన పెట్టి డాక్టర్ చెప్పినట్టు చేయించుకోండి. రెడీమేడ్‌తో సగం ఊరట దొరికి, అది మీ పాదానికి సరిగ్గా కుదరనివాళ్లూ ఆలోచించవచ్చు.

చేయించుకునేటప్పుడు సేల్స్‌మన్ కాకుండా ఆర్‌సిఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా)లో రిజిస్టరైన ప్రోస్థెటిస్ట్-ఆర్థోటిస్ట్, అంటే కృత్రిమ అవయవాలు, ఇలాంటి ఆధారాలు తయారుచేసే నిపుణుడు చూస్తున్నారేమో కనుక్కోండి. పరిగెత్తే షూలు వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే షూతో వచ్చిన ఇన్సోల్ తీసేసి దీన్ని పెట్టాలి, చాలామందికి అప్పుడు ముందు భాగం బిగుతైపోయి అర సైజు పెద్ద షూ కొనాల్సి వస్తుంది. మెత్తటి ఈవీఏ ఫోమ్ అయితే త్వరగా అణిగిపోతుంది, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది గానీ చాలాకాలం వస్తుంది. మొదటి రోజే పది కిలోమీటర్లు వద్దు, గంటసేపు నడకతో మొదలెట్టి రెండు వారాల్లో పెంచండి. ఎక్కడైనా ఒరుసుకుంటే చెక్కి సరిచేసి ఇవ్వడం ఆ ధరలోనే ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.