రెండోసారి సూది వేయించాక: క్లోమం కణితి బయాప్సీ, జన్యు పరీక్ష సేవపై సమీక్ష

నాన్నగారి క్లోమం తలభాగంలో ఉన్న గడ్డ నుంచి తీసిన మొదటి నమూనా క్యాన్సర్ అని తేల్చడానికి సరిపోయింది గానీ, ఏ మందు పనిచేయవచ్చో తెలుసుకోవడానికి కణితి డీఎన్‌ఏలో మార్పులు వెతికే జన్యు పరీక్షకు సరిపోలేదు. పద్దెనిమిది రోజులు ఎదురుచూశాక ల్యాబు నుంచి వచ్చిన కాగితంలో ఫలితాల గడులన్నీ ఖాళీగా ఉండి, అడుగున ‘పరీక్షకు చాలినంత కణితి కణజాలం లేదు’ అన్న ఒక్క వాక్యం మాత్రం ఉంది. ఆ తరువాత వేరే ఆసుపత్రిలో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ద్వారా, అంటే నోటి గుండా దించిన గొట్టం చివరి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, మళ్లీ బయాప్సీ చేయించాం. ఈ సమీక్ష ఆ రెండో సేవ గురించి. రెండు ఆసుపత్రుల పేర్లూ రాయడం లేదు; ఇందులో ఉన్నవి చాలామటుకు ఏ ఆసుపత్రిలోనైనా ముందుగా అడిగి తెలుసుకోదగిన విషయాలే.

మొదటి చోట తప్పు జరిగిందని అనలేను. అక్కడ 25 గేజ్ సన్న సూదితో కణాలను పీల్చి, గాజు పలకల మీద పరిచి, మిగిలిన కాస్త పదార్థాన్ని రోగ నిర్ధారణకు అవసరమైన ప్రత్యేక రంగు పరీక్షలకే వాడేశారు. క్యాన్సరా కాదా అన్న ప్రశ్నకు అది చాలు. అనుభవం ఉన్న పాథాలజిస్టు కొద్దిపాటి కణాలను చూసి కూడా చెప్పగలరు. జన్యు పరీక్షకు అంతకంటే చాలా ఎక్కువ కావాలి. క్లోమం క్యాన్సర్‌లో అసలు క్యాన్సర్ కణాలు తక్కువగా, వాటి చుట్టూ అల్లుకున్న గట్టి పీచు కణజాలం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, సూది సరిగ్గా గడ్డలోకే వెళ్లినా బయటికి వచ్చిన దానిలో అధికభాగం పీచు, రక్తమే కావచ్చు. పరీక్షకు ఎంచుకున్న భాగంలో కనీసం 20 శాతం కణితి కణాలు ఉండాలని చాలా ల్యాబులు అడుగుతాయి. అంతకన్నా తగ్గితే కణితి డీఎన్‌ఏ మామూలు కణాల డీఎన్‌ఏలో కలిసి పలచబడి, ఉన్న మార్పు కూడా లేనట్టే కనిపించే ప్రమాదం ఉంది. ఈ సంగతి మాకు మొదటే తెలిసి ఉంటే జన్యు పరీక్ష కూడా చేయాలని ఫారంలో రాయించుకునేవాళ్లం.

రెండో ఆసుపత్రిలో వైద్యుడు ఫైలు తిరగేసి మొదట అడిగింది, ఈ ముక్కతో ఏయే పరీక్షలు చేయించాలనుకుంటున్నారని. ‘క్యాన్సర్ అని తేలిపోయింది కదండీ, మళ్లీ గుచ్చడం దేనికి?’ అని నాన్నగారు కాస్త విసుగ్గానే అడిగారు. వైద్యుడు నొచ్చుకోకుండా, రోగం పేరు తెలిసినంత మాత్రాన ఏ మందుకు లొంగుతుందో తెలియదని నిదానంగా చెప్పి, వచ్చినవారికి చూపించడానికి సొరుగులో ఉంచుకున్న సూదిని తీసి బల్ల మీద పెట్టారు. దాని మొన మామూలు ఇంజెక్షన్ సూదిలా ఏటవాలుగా కోసినట్టు ఉండదు. చిన్న కిరీటంలా మూడు కోణాలుగా లేచి ఉంటుంది. కణాలను పీల్చడం కాకుండా కణజాలాన్ని సన్నని పోగులా కోసి లోపల నిలుపుకోవడం దాని పని. దాన్ని ఫ్రాన్సీన్ సూది అంటారు. ఆ పేరుగల అమెరికా శస్త్రవైద్యుడు 1941లో వివరించిన ఆకృతి అది. 1992లో డెన్మార్క్‌కు చెందిన పీటర్ విల్మాన్, ఆయన సహచరులు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చూపిన దారిలో క్లోమంలోకి సూది పంపి నమూనా తీయడం గురించి మొదటిసారి ప్రచురించారు. అల్ట్రాసౌండ్ దారీ, పాతకాలపు ఆ మొనా ఒకటిగా కలవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మాకు వాడింది 22 గేజ్, వెడల్పు సుమారు 0.7 మిల్లీమీటర్లు. ఇంకా లావుగా ఉండే 19 గేజ్ అయితే ముక్క పెద్దది వస్తుంది కదా అని నేను అడిగాను. గడ్డ క్లోమం తలభాగంలో ఉంటే గొట్టాన్ని చిన్నపేగు మొదటి మలుపులోకి దించి అక్కడ వంచి పట్టుకోవాలి, లావు సూది ఆ వంపులో బిగుసుకుపోయి సరిగా కదలదు అని సమాధానం వచ్చింది. అదే గడ్డ మధ్యభాగంలోనో తోకభాగంలోనో ఉంటే కడుపు గోడ గుండా తిన్నగా వెళ్లవచ్చట. పెద్ద సూది అంటే పెద్ద ముక్క అనుకునే నాబోటివారికి ఈ వివరణ అవసరం.

ముందురోజు ఏర్పాట్లు మామూలే: ఉపవాసం, రక్తం గడ్డకట్టే తీరుపై పరీక్ష, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే వైద్యుడికి చెప్పడం. అంగీకార పత్రంలో క్లోమం వాపు, రక్తస్రావం అరుదైన ఇబ్బందులుగా రాసి ఉన్నాయి. సంతకానికి ముందు వాటిని మాకు చదివి వినిపించారు.

మత్తు ఇచ్చి చేసే పని కాబట్టి నాన్నగారికి ఏమీ గుర్తులేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు గానీ, ముప్పావుగంట తరువాత నర్సు రెండు ఫార్మలిన్ (కణజాలం చెడకుండా నిలిపే ద్రవం) సీసాలు తెచ్చి, లేబుల్ మీద పేరు, వయసు సరిగా ఉన్నాయో లేదో చూడమన్నారు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే ఒక సీసా అడుగున ఎర్రటి రక్తపు పోగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, వాటి మధ్య తడిసిన నూలుదారం తుంపుల్లా తెల్లటి ముక్కలు నాలుగైదు కనిపించాయి. పనికొచ్చేది ఆ తెల్లటిదేనని, కనీసం నాలుగు మిల్లీమీటర్ల తెల్లని ముక్క కంటికి కనబడేదాకా ఇక్కడ సూదిని ఆపరని ఆమె చెప్పారు. మొత్తం నాలుగుసార్లు సూది వేశారు: మూడు నిర్ధారణకూ ఇతర పరీక్షలకూ, నాలుగోది విడి సీసాలో జన్యు పరీక్షకే. ప్రతిసారీ సూదిని ఒకే చోట పొడవకుండా విసనకర్రలా కోణం మారుస్తూ గడ్డ అంచులను కూడా తాకించారట, ఎందుకంటే గడ్డ నడిమి భాగంలో చచ్చిన కణజాలం ఉండే అవకాశం ఎక్కువ.

ఈ సేవలో నేను అన్నిటికంటే మెచ్చుకునేది సూది బయటికి వచ్చాక జరిగిన పనిని. ముక్క ఫార్మలిన్‌లో పడిన సమయాన్ని గంట, నిమిషాలతో సహా సీసా మీద రాశారు. మరీ తక్కువసేపు ఉంటే కణజాలం సరిగా నిలవదు, రోజుల తరబడి నానితే డీఎన్‌ఏ చిన్నచిన్న తునకలుగా విరిగిపోతుంది. 6 నుంచి 72 గంటలు అన్నది సాధారణంగా పాటించే హద్దు. మా తేదీ సెలవురోజులకు ముందు పడడంతో నాకు అనుమానం వచ్చి అడిగితే, సెలవుల్లో కూడా ఒకరు వచ్చి నమూనాలను మైనంలోకి మారుస్తారని పాథాలజీ విభాగం స్పష్టంగా చెప్పింది. అక్కడి పాథాలజిస్టు బ్లాకు (ముక్కను పొదిగిన మైనపు దిమ్మ) నుంచి మొదటి విడతలోనే జన్యు పరీక్షకు కావలసిన పలుచటి పొరలను కూడా కోయించి, రంగు వేయకుండా పలకల మీద పక్కన పెట్టించారు. పరీక్ష పరీక్షకూ బ్లాకును మళ్లీ యంత్రం మీద బిగిస్తే ఉపరితలం సమం చేయడానికే కొంత ముక్క చెక్కుకుపోతుంది. ఇంత చిన్న నమూనాలో అది తక్కువ నష్టమేమీ కాదు.

లోపాలు లేకపోలేదు. పుట్టుకతో వచ్చే జన్యు మార్పుల పరీక్షకు రక్తమో లాలాజలమో చాలు, దానికి బయాప్సీతో సంబంధం లేదు. క్లోమం క్యాన్సర్ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష సూచించాలని మార్గదర్శకాలు ఉన్నాయి. అయినా ఆ మాట మాకు చెప్పింది సూది వేసిన తరువాత రెండో వారంలో. డీఎన్‌ఏ మరమ్మతుకు తోడ్పడే బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు పుట్టుకతో ఉంటే ప్లాటినం రకం కీమో మందులు బాగా పనిచేసే అవకాశం ఉంది, వాటితో వ్యాధి అదుపులో ఉన్నవారికి ఒలాపరిబ్ మాత్రను కొనసాగింపు చికిత్సగా అమెరికా 2019 డిసెంబరులో అనుమతించింది. అంటే మొదటి కీమో ఎంపికనే మార్చగల సమాచారాన్ని అంత ఆలస్యం చేయకూడదు. దానికితోడు తుది నివేదిక పద్నాలుగు పేజీలు ఉంది, అందులో మాకు అర్థమైనది మొదటి అరపేజీ.

ఫలితం ఈసారి వచ్చింది. నమూనాలో కణితి కణాలు 30 శాతం. కేఆర్‌ఏఎస్ జన్యువులో జీ12డీ మార్పు, టీపీ53లో మరొకటి కనిపించాయి. ఈ రకం క్యాన్సర్‌లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా కేఆర్‌ఏఎస్ మారి ఉంటుంది, అందులో జీ12డీయే అన్నిటికంటే తరచుగా కనబడేది. ఇమ్యునోథెరపీకి (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే చికిత్సకు) దారి చూపే ఎంఎస్ఐ లక్షణం, అంటే కణితిలో డీఎన్‌ఏ తప్పులను దిద్దే ఏర్పాటు చెడిందని చూపే గుర్తు, లేదు. అది ఉండేది నూటికి ఒకరిద్దరిలోనే. రక్త పరీక్షలో బీఆర్‌సీఏ మార్పు కూడా లేదు. వెంటనే మందు మార్చే అవకాశమేదీ చేతికి రాలేదు కాబట్టి, ఈ పరీక్ష చేయిస్తే కొత్త మందు తప్పక దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అమెరికాలో ‘నో యువర్ ట్యూమర్’ పేరిట జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, నివేదిక అందిన 1082 మందిలో 282 మందికి, అంటే 26 శాతం మందికి, చికిత్సకు ఉపయోగపడే మార్పు కనబడింది. మేము మిగతా 74 శాతంలో పడ్డాం.

నేను అయిదు స్టార్లకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటి రక్త పరీక్ష ఆలస్యానికి. నివేదిక చివరి పేజీలో, బ్లాకులో ఇంకా కణజాలం మిగిలి ఉందనీ, జీ12డీ మీద జరిగే ఔషధ ప్రయోగాల్లో చేరదలచుకుంటే బ్లాకు నంబరు చెప్పి దాన్ని తీసుకెళ్లవచ్చనీ రాసి ఉంది. ఆ నంబరును నాన్నగారి ఫైలు అట్ట మీద రాసి పెట్టుకున్నాం.