ముఖలింగం దాకా: గాంగుల కాలాన్ని వెతుక్కుంటూ

చరిత్రలో ఏ కాలం ఇష్టమని ఎవరడిగినా నేను ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగ రాజుల పేరే చెబుతాను. మా విజయనగరంలో అయితే ఎక్కువమంది నోట బొబ్బిలి యుద్ధమే వస్తుంది. 1757 నాటి ఆ కథలో పౌరుషముంది, కన్నీళ్లున్నాయి, కాదనను. 1713లో కట్టడం మొదలైన కోట కూడా ఊరి నడుమ నిలిచే ఉంది. అయినా అక్కడ వినిపించేదంతా రాజుల పంతాలే. గాంగుల శాసనాల్లో రాజుతో పాటు ఉద్యోగులు, వాళ్ల ఇల్లాళ్లు కూడా కనిపిస్తారు. గుడిలో అఖండ దీపం వెలగాలని ఎవరెన్ని మాడలు (ఆనాటి బంగారు నాణేలు) ఇచ్చారో రాతి మీద చెక్కించుకున్నారు. నన్ను కట్టిపడేసింది అదే.

బస శ్రీకాకుళంలో పెట్టుకున్నాను. రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అక్కణ్ణుంచి ఊళ్లోకి ఆటోలు దొరుకుతాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి బస్సులకు వీలే గానీ, తెల్లారకముందే హారన్ల మోత. గది శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లు మాత్రం అడిగితే బకెట్లో తెచ్చిపెట్టారు. కునుకు తేలికగా చెదిరేవాళ్లు వీధివైపు గది తీసుకోవద్దు.

ముఖలింగం అక్కడికి సుమారు 45 కిలోమీటర్లు, వంశధార ఒడ్డున. గాంగుల కళింగనగరం ఇదేనని ఎక్కువమంది చరిత్రకారుల మాట. ఊరి మొదట్లో సోమేశ్వరాలయం ఒంటరిగా నిలబడి ఉంటుంది. మధుకేశ్వరాలయంలో మాత్రం పూజలు ఆగలేదు. దాని ద్వారబంధం ముందు చాలాసేపు నిలబడ్డాను. రాతి తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది, ఆ మెలికల సందుల్లో చిన్న చిన్న బొమ్మలు. ఎండ పక్కనుంచి పడే పొద్దుటిపూట వెళ్తే చెక్కడం లోతు బాగా తెలుస్తుంది. గైడ్ దొరకలేదు, బోర్డు మీద ఉన్నది నాలుగు ముక్కలే. గుడి దగ్గర ఒక పెద్దాయన "ఏటి బాబూ, అలగ సూస్తన్నారు? రండి, సూపిస్తాను" అని శాసనాలున్న రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఈ రాళ్ల వల్లే మనకో గొప్ప మనిషి తయారయ్యాడు. గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ పక్కనే ఉన్న పర్వతాలపేటలో. ముఖలింగం శాసనాల లిపిని ఆయన సొంతంగా నేర్చుకుని చదివాడు. 1078లో గద్దెనెక్కిన గాంగ రాజు అనంతవర్మ చోడగంగ దేవుడు తర్వాత రాజధానిని ఇక్కణ్ణుంచి కటకానికి (ఇప్పటి ఒడిశాలోని కటక్) మార్చాడు, పూరీ జగన్నాథుడి గుడి కట్టించాడు. రాజ్యం అటు తరలిపోయింది, ఇక్కడ ఊరు ఊరుగానే మిగిలింది. అందుకేనేమో, ఆ కాలానికి ఇక్కడ ఇంత దగ్గరగా వెళ్లగలిగాను.

శ్రీకూర్మంలో దర్శనం హడావిడి లేకుండా అయింది. స్తంభాల మీద శాసనాలు చూడకుండా రాకండి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు 1281లో వేయించిన శాసనం ఇక్కడిదే. అరసవల్లికి ఆదివారం వెళ్తే క్యూలోనే పూట గడిచిపోతుంది, మామూలు రోజు చూసుకోండి.

శాలిహుండం గాంగులకన్నా బాగా పాతది, బౌద్ధుల కొండ. దాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ గిడుగువారే. పైన ఇటుక స్తూపాల పునాదులు, కింద వంశధార. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి. ఆటోవాడితో రానూపోనూ ముందే మాట్లాడుకోండి, దించేసి వెళ్లిపోతే ఎండలో ఇంకో బండి దొరకడం కష్టం.

చేతిలో ఒక్కరోజే ఉంటే శాలిహుండం వదిలేసి, పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరి ఆ పూటంతా ముఖలింగానికే ఇవ్వండి. శ్రీకూర్మం సాయంత్రం చూసుకోవచ్చు.