ఉతమారో గీసిన స్త్రీమూర్తులు: చేతితో గీసిన రెండు ప్రతుల సమీక్ష

జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో స్త్రీల రూపాలంటే మొదట గుర్తుకు వచ్చే పేరు కితగావా ఉతమారో. 1790లలో ఆయన స్త్రీలను తల నుంచి ఛాతీ వరకు మాత్రమే తీసుకుని, కాగితం నిండుగా గీసిన చిత్రాలకు ఇప్పుడు చేతితో గీసిన ప్రతులు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. అలాంటివి రెండు నెల్లూరులోని మా ఇంటి గోడ మీద కొన్నేళ్లుగా ఉన్నాయి. ఒకటి కాన్వాసు మీద ఆయిల్ రంగులతో బాగా పెద్దది చేసి గీసినది, రెండోది చేతితో తయారైన కాగితం మీద నీటి రంగులతో దాదాపు అసలు కొలతలోనే గీసినది. రెండూ ఒకే చిత్రానికి ప్రతులు కనుక ఏది ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పిందో స్పష్టంగా చెప్పగలను.

ఆ చిత్రం 1793 ప్రాంతంలో ప్రచురణకర్త త్సుతాయా జూజబురో వెలువరించిన ‘ఈ కాలపు ముగ్గురు సుందరులు’. మధ్యలో సంగీతానికి పేరుపడ్డ తొమిమొతో తొయోహినా, ఆమెకు చెరో పక్కన టీ దుకాణాల్లో పని చేస్తూ ఎడో (నేటి టోక్యో) నగరమంతటా పేరు తెచ్చుకున్న కితా, హిసా ఉంటారు. తొలిచూపులో మూడు ముఖాలూ ఒక్కటే అనిపిస్తాయి. కాసేపు నిలబడి చూస్తే ముక్కు దూలం వంపులో, కంటి కొస తీరులో, చెంప నిండుదనంలో ఉన్న స్వల్పమైన తేడాలు బయటపడతాయి. ఆ తేడాలన్నీ గీతలోనే ఉన్నాయి, రంగులో లేవు. అందువల్ల ఈ చిత్రానికి ప్రతి గీసేవారి పనితనం తేలేది గీత దగ్గరే.

అసలు అచ్చులో ఆ గీతను చెక్కేది చిత్రకారుడు కాదు. ఆయన సిరాతో గీసిచ్చిన పలుచని కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మిగిలేలా చుట్టూ ఉన్న చెక్కను తొలిచివేసేవారు. నుదుటి అంచున వెంట్రుకలు మొదలయ్యే చోటును కార్ఖానాలో అందరికన్నా చేయి తిరిగిన పనివాడే చెక్కేవాడు, ఎందుకంటే అక్కడ ఒక్కొక్క వెంట్రుకా విడిగా నిలవాలి. నా కాన్వాసు ప్రతిలో ఆ చోటంతా ఒకే నల్లటి ముద్ద, దాని అంచున మెత్తదనం కోసం పులిమిన గోధుమరంగు. అంతకన్నా బాధ కలిగించేది ముఖాలకు వేసిన నీడ. ఉతమారో చర్మానికి నీడ వేయలేదు, కాగితపు తెలుపునే చర్మంగా వదిలిపెట్టాడు. కాన్వాసు మీద గీసినవారు ముగ్గురికీ ముక్కు పక్కన, గడ్డం కింద ఒకే తీరు గులాబీ నీడ వేయడంతో ముగ్గురూ ఒకే మనిషి అయిపోయారు.

కాగితం ప్రతి గీసిన చేయి వేరు. అందులో కణత దగ్గర వెంట్రుకలు ఒక్కో కుంచె గీతతో వచ్చాయి. ఉలి ఇచ్చినంత సమానంగా లేవు, కొన్నిచోట్ల గీత లావెక్కింది. అయినా తొయోహినాను కితాను వేరు చేసి చూపే ముక్కు వంపు చెడలేదు. వెనకటి నేపథ్యానికి జిగురులో అభ్రకం పొడి కలిపి పూశారు. అసలు అచ్చులోనూ నేపథ్యం అభ్రకంతోనే వేశారు. గూడూరు గనుల పక్క ఊళ్లలో అభ్రకం రేకులు ఏరుకుంటూ పెరిగిన వారికి ఆ తళుకు కొత్త కాదు. నేరుగా నిలబడితే బూడిదరంగులా ఉండి, రెండడుగులు పక్కకు జరిగేసరికి వెన్నెల పట్టినట్టు వెలుగుతుంది. కాన్వాసు ప్రతిలో దానికి బదులు వేసిన వెండిరంగు ట్యూబ్‌లైటు కింద ఎటునుంచి చూసినా మొద్దుగానే ఉంటుంది.

సంతకం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అచ్చులో ఉతమారో పేరు, ప్రచురణకర్త గుర్తు, తనిఖీదారు వేసే గుండ్రటి ముద్ర ఉంటాయి. త్సుతాయా గుర్తు ఫుజి కొండ శిఖరం కింద తీగ ఆకు. నా కాన్వాసులో ఆ ఆకు మూడు చుక్కలుగా మిగిలింది, సంతకంలోని అక్షరాలు ఏ భాషకూ చెందనివి. కాగితం ప్రతిలో రెండూ చదవదగినట్టుగా ఉన్నాయి.

ఆయిల్ రంగుల్లో ఇలాంటి చిత్రాన్ని పెద్దది చేయడమే తప్పని నేను అనను. జపాన్ అచ్చు చిత్రకారుడు కేసై ఎయిసెన్ గీసిన వేశ్య చిత్రాన్ని 1887లో పారిస్‌లో విన్సెంట్ వాన్ గో ఒక పత్రిక ముఖచిత్రం నుంచి గళ్లు గీసి పెద్దది చేసి, చుట్టూ కొంగలు, కప్పలు, తామరలు చేర్చి తన సొంత చిత్రంగా మార్చుకున్నాడు. అందులో ఒక నిర్ణయం ఉంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చే కాన్వాసుల్లో నేను చూసినంతవరకు అది లేదు.

మన్నికలో మాత్రం కాన్వాసుదే పైచేయి. పొడి గుడ్డతో దుమ్ము దులపడం తప్ప దానికి ఏమీ చేయలేదు, రంగు ఏమాత్రం తగ్గలేదు. మా ఊళ్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానలకు కాగితం ప్రతి అలలు తిరిగింది, కింది అంచున గోధుమరంగు మచ్చలు పడ్డాయి, అభ్రకం కొంత రాలి అద్దం లోపలి వైపు అంటుకుంది. ఫ్రేము విప్పించి, అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉండేలా ఆమ్లం లేని మౌంటు బోర్డు పెట్టించి, వాన కొట్టే బయటి గోడ నుంచి లోపలి గోడకు మార్చిన తరువాత మచ్చలు పెరగలేదు. నేరుగా ఎండ తగిలే చోట కాగితం ప్రతిని పెట్టకూడదు. ఎడో కాలంలో కుసుంబా పువ్వుల ఎరుపు, ఒక రకం గడ్డిపువ్వు నీలం వాడేవారు. రెండూ వెలుతురుకు వెలిసిపోయేవే కనుక నేడు మ్యూజియముల్లో కనిపించే అచ్చుల్లో చాలావాటి రంగు నాటి రంగు కాదు. నా కాగితం ప్రతి గీసినవారు ఆ వెలిసిన రంగులనే అనుసరించారు, అది నాకు నచ్చింది.

కుంచె ఇవ్వలేనిది ఒకటుంది. అచ్చు వేసేటప్పుడు కాగితం వీపు మీద వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్దడం వల్ల రంగు నారలోకి దిగుతుంది. చేతితో గీసిన ప్రతిలో రంగు పైనే నిలుస్తుంది. ఆ లోతు కావాలనుకునే వారు టోక్యోలో నేటికీ చెక్క చెక్కి పాత పద్ధతిలో తీస్తున్న పునర్ముద్రణలనే కొనాలి. చేతితో గీసినదే కావాలంటే కాగితం మీద గీసినది, అసలు కొలతకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. డబ్బు కట్టే ముందు నుదుటి అంచు, సంతకం ఉన్న మూల దగ్గరగా తీసిన ఫొటోలు తప్పక అడగండి. అవి పంపడానికి అమ్మకందారు వెనకాడితే ఆ ప్రతి జోలికి పోవద్దు.