జాగ్రత్త: పసివాళ్లతో దూరప్రయాణమా? రైలు సీట్లకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సీటు మ్యాప్‌లో ఏరి ఏరి ఎంచుకున్న సీటు, అందుకు అదనపు రుసుము కట్టి మరీ తీసుకున్న సీటు, ప్రయాణం రోజున మనకి దొరుకుతుందన్న భరోసా ఏమీ లేదు. నడక వచ్చి, కుదురు రాని వయసు పిల్లలున్నవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను. రైలు కంపెనీ పేరు రాయను. ఈ జబ్బు ఒక్కరిది కాదు.

మేం బుక్ చేసినవి టేబుల్ ఉన్న సీట్లు రెండు, పక్కపక్కన, ఒకటి కిటికీ వైపు. మావాడికి రెండేళ్లు దాటాయి. బుకింగ్ పేజీలో వాడి వయసు కొట్టగానే ‘ఉచితం’ అని చూపించి, సీటు కావాలా వద్దా అని కూడా అడక్కుండా డబ్బు కట్టే పేజీకి తోసేసింది. వాడికి విడిగా సీటు కొనుక్కునే వీలుందన్న ముక్క ఆ పేజీల్లో ఎక్కడా లేదు. తర్వాత ఫోన్ చేస్తే, వయసు ఎక్కువ వేసి బుక్ చేస్తే సీటు వచ్చేదని ఒకావిడ తాపీగా సలహా ఇచ్చింది. అబద్ధం చెప్పి సీటు కొనుక్కోమని కంపెనీవాళ్లే చెప్పడం అన్నమాట.

తీరా ప్రయాణం రోజున రైలుకి వేరే రకం బోగీలు వచ్చాయి. టికెట్ మీద నంబర్లు అవే, సీట్లు మాత్రం అవి కావు. నాకు వచ్చింది బోగీ చిట్టచివర, ఆటోమేటిక్ తలుపు పక్కన. కిటికీ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ గోడ. మావారి సీటు ఎక్కడో ముందు వరుసల్లో, నడవకి అవతల. టేబుల్ ఊసే లేదు. మావాడు చెయ్యి ఊపినప్పుడల్లా తలుపు తెరుచుకునేది. కాసేపు వాడికది పండగే. ఆ తర్వాత నిద్రొచ్చింది, తలుపు మాత్రం వచ్చేపోయేవాళ్లకి తెరుచుకుంటూనే ఉంది. మరుగుదొడ్డి వాసన ప్రతిసారీ లోపలికి. నా ముందాయన సీటు వెనక్కి వాల్చుకున్నాడు. ఆయన్ననేదేముంది, ఆయన సీటు ఆయనిష్టం. కానీ ఒళ్లో పడుకున్న పిల్లాడి తలకీ ఆ సీటు వీపుకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు మిగిలింది. పగలంతా నా చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. టీసీని అడిగితే, “మీ నంబర్లలోనే కూర్చున్నారు కదమ్మా, ఇంకేం సమస్య?” అన్నాడు.

ఇక అసలు విషయం. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ఆ ‘ఉచితం’. దేశానికో లెక్క ఉంది కానీ సారం ఒకటే: టికెట్ అడగరు, సీటూ ఇవ్వరు. బ్రిటన్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్ని పెద్దవాళ్లొకరు ఇద్దరి దాకా ఊరికే తీసుకెళ్లచ్చు, అయితే టికెట్ కొన్న మనిషికి చోటు కావాలంటే పిల్లాణ్ని లేపి ఒళ్లో పెట్టుకోవాల్సిందే. లండన్ నుంచి పారిస్ లాంటి చోట్లకి వెళ్లే యూరోస్టార్ రైళ్లలో నాలుగేళ్లు నిండేదాకా ఒళ్లోనే. భారతీయ రైల్వేలో ఐదేళ్ల లోపు పిల్లలకి చార్జీ లేదు, బెర్తూ లేదు, కావాలంటే పెద్దవాళ్ల చార్జీ మొత్తం కట్టాలి. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకి కూడా బెర్త్ కావాలంటే పూర్తి చార్జీయే, ఈ రూలు 2016 ఏప్రిల్ 21 నుంచి ఉంది. జపాన్‌లో బడి వయసు రాని పిల్లలకి చార్జీ ఉండదు, రిజర్వుడు సీట్లో విడిగా కూర్చోబెట్టాలంటే మాత్రం పిల్లల టికెట్ కొనాలి. అమెరికాలో దూరప్రయాణాల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్‌వాళ్లు రెండేళ్ల లోపు బిడ్డని, అదీ పెద్దవాళ్లొకరికి ఒక్కరినే, ఊరికే ఎక్కించుకుంటారు. రెండు నిండితే సగం చార్జీ, సీటు ఇస్తారు. నన్నడిగితే ఈ పద్ధతే నయం. డబ్బు పుచ్చుకుంటారు, చోటు ఇస్తారు, మొహమాటం లేదు.

నెలల బిడ్డయితే ఒళ్లో సరిపోతుంది. ఏడాది దాటి నడక వచ్చాక మాత్రం, ఉచితమని ఎంత ఊరించినా, ప్రయాణం మూడు నాలుగు గంటలు మించితే బిడ్డకి సీటు కొనండి. బిడ్డ ఆ సీట్లో కూర్చుంటుందని కాదు, కూర్చోదు. అయినా ఆ ఖాళీ మనదవుతుంది. రెండు సీట్ల మీద అడ్డంగా పడుకోబెట్టచ్చు, సంచి చేతికందేలా పెట్టుకోవచ్చు, పక్కన కొత్త మనిషి లేకుండా బట్టలు మార్చచ్చు. వెబ్‌సైట్ ఒప్పుకోకపోతే ఫోన్‌లోనో కౌంటర్‌లోనో అడిగి చూడండి. వయసు మార్చి బుక్ చేయమన్న సలహా మాత్రం పట్టించుకోకండి, తనిఖీలో మీరే సమాధానం చెప్పుకోవాలి.

ఎక్కడ కూర్చోవాలన్నది రెండో తలనొప్పి. చక్రాల చట్రాలు బోగీకి రెండు చివర్ల దగ్గర కింద ఉంటాయి కాబట్టి కుదుపూ చప్పుడూ అక్కడే ఎక్కువ. తలుపులు, మరుగుదొడ్డి, సామాన్ల అర ఉండేవి కూడా సాధారణంగా ఆ చివర్లలోనే. నడిమధ్య సీట్లు నిద్రకి మంచివి. కానీ మరుగుదొడ్డి అలవాటు చేస్తున్న పిల్లలతో బోగీ సగం దాటి పరుగెత్తడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. అందుకని చివరి రెండు వరుసలు వదిలేసి, మూడో నాలుగో వరుస తీసుకోవడం మధ్యేమార్గం.

టేబుల్ సీట్ల గురించి అందరూ గొప్పగా చెబుతారు. ముగ్గురు నలుగురు కుటుంబంగా వెళ్తూ ఆ నాలుగు సీట్లూ మీవే అయితే నిజంగానే అంతకన్నా మంచి చోటు లేదు. రంగు పెన్సిళ్లకి, బొమ్మలకి బల్ల ఉంటుంది. రెండే సీట్లు మీవైతే మాత్రం ఎదురుగా ఇద్దరు కొత్తవాళ్లు, టేబుల్ కింద వాళ్ల కాళ్ల మధ్య మీ పిల్లాడు. వాళ్ల వేడి కప్పు మీ పిల్లాడి చేతికి అందేంత దగ్గర, ఇది ఇంకా భయం. అప్పుడు మామూలు వరుస సీట్లే మేలు, వాటిలోనూ ఎదురుగా గోడ ఉండే మొదటి వరుస. అక్కడ తన్నడానికి ముందు సీటే ఉండదు, వెనక్కి వాల్చేవాళ్లూ ఉండరు, కాళ్ల దగ్గర కాస్త నేల దొరుకుతుంది. ఆ వరుస తలుపుని ఆనుకుని ఉంటే మాత్రం వద్దు, మా కథే మళ్లీ.

కిటికీ సీటంటే కిటికీ ఉంటుందని నమ్మకండి. పాత బోగీల్లో సీట్లు పెంచి బిగించినప్పుడు సీట్ల వరుసలకీ కిటికీలకీ పొంతన కుదరదు, కొన్ని సీట్లకి వచ్చేది రెండు కిటికీల మధ్య గోడే. సీటు మ్యాప్‌లో ఆ తేడా కనిపించదు. ఆ రైలు లోపలి ఫొటోలు ఎవరైనా పెట్టారేమో వెతకండి, దొరక్కపోతే కౌంటర్‌లో అడగండి. పసివాళ్లకి కిటికీ అంటే గంటల కాలక్షేపం. అటువైపు పిల్లాణ్ని, నడవ వైపు పెద్దవాళ్లని కూర్చోబెట్టాలి. ట్రాలీలు, సూట్‌కేసులు వెళ్లేటప్పుడు నడవలోకి చాచిన చిన్న చేతులే నలుగుతాయి. వాంతులయ్యే పిల్లలైతే రైలు వెళ్లే దిశకి ముఖం ఉండే సీటు అడగండి. అయితే కొన్ని రైళ్లు దారిలో ఒక స్టేషన్ నుంచి వచ్చిన దిక్కుకే తిరిగి బయల్దేరతాయి, అక్కడితో ముందు వెనకవుతుంది. ఆ విషయం టికెట్‌లో ఉండదు.

నిశ్శబ్ద బోగీలు ఉంటే వాటి జోలికి పోకండి, మనకీ వాళ్లకీ శాంతి. దానికి బదులు పిల్లల కోసం కేటాయించిన చోటు ఉందేమో చూడండి. జర్మనీలో ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లు కొన్నిటిలో చంటిపిల్లల కుటుంబాలకి తలుపు ఉన్న చిన్న గది ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో రెండంతస్తుల ఇంటర్‌సిటీ రైళ్లలో ఆటస్థలం ఉన్న ఫ్యామిలీ బోగీ ఉంటుంది, ఫిన్లండ్ రెండంతస్తుల రైళ్లలోనూ ఆడుకునే చోటు పెట్టారు. జపాన్ షింకన్‌సెన్ (బుల్లెట్) రైళ్లలో, అవసరమైనప్పుడు సిబ్బందిని అడిగి పాలివ్వడానికి వాడుకునే గది ఉంటుంది, సీటు ఆ బోగీకి దగ్గర్లో తీసుకుంటే సరి. ఇలాంటివి బయటి బుకింగ్ యాప్‌లలో కనిపించకపోవచ్చు, రైల్వేవాళ్ల సొంత సైట్‌లో చూడండి. రెండంతస్తుల రైలైతే మెట్ల సంగతి, స్ట్రోలర్ సంగతి కూడా ఆలోచించుకోండి.

రాత్రి ప్రయాణాల్లో బెర్తుల గొడవ వేరే. లోయర్ అని ఎంచుకోవడం మన కోరిక మాత్రమే. ఐఆర్‌సీటీసీలో ‘కనీసం ఒక లోయర్ బెర్త్ దొరికితేనే బుక్ చేయి’ అనే ఆప్షన్ ఉంది, అందరూ ఒకే బోగీలో ఉంటేనే అన్నదీ ఉంది. చాలామంది అక్కడిదాకా స్క్రోల్ చేయరు. లోయర్ బెర్తుల కోటా వృద్ధులకి, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి, గర్భిణులకి ఉంది కానీ రెండేళ్ల పిల్లాణ్ని చంకనేసుకున్న తల్లి ఆ జాబితాలో లేదు. 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో లోయర్ బెర్త్‌కి మడిచే చిన్న బేబీ బెర్త్ బిగించి ప్రయోగం చేశారు. ఆలోచన మంచిదే. మామూలు లోయర్ బెర్త్ మీదైతే బిడ్డని గోడ వైపు పడుకోబెట్టి, మనం బయటి వైపు పడుకోవడమే. అప్పర్ బెర్త్ మీద ఈ వయసు బిడ్డని ఎంత కట్టుదిట్టంగానైనా పడుకోబెట్టొద్దు.

బోగీలు మారిపోతే ఏం చేయాలంటే: బుక్ చేసిన రోజే సీటు మ్యాప్‌ని, మీరు ఎంచుకున్న సీటు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ‘టేబుల్’, ‘కిటికీ’, ‘పక్కపక్కన’ అన్న మాటలు అందులో కనపడాలి, నంబర్లొక్కటే ఉంటే టీసీ చెప్పిన జవాబే మీకూ వస్తుంది. ముందురోజు యాప్‌లో సీట్లు మారాయేమో చూడండి, మారితే స్టేషన్‌కి వెళ్లకముందే ఫోన్ చేయండి. రైలెక్కాక ఖాళీలుంటే సిబ్బందే సర్దగలరు, నిండిపోతే వాళ్లూ ఏం చేయలేరు. వచ్చిన సీటుని, ఆ గోడతో సహా, అక్కడే ఫొటో తీయండి. సీటు ఎంపిక రుసుము వాపసు అడగడానికి మాకు పనికొచ్చినవి అవే. ఆ రుసుము వెనక్కి వచ్చింది. పిల్లాడికి సీటు కొననివ్వని బుకింగ్ పేజీ గురించి రాసిన ఫిర్యాదుకి మాత్రం ‘మీ అభిప్రాయం మాకు ముఖ్యం’ అన్న ఈమెయిల్ తప్ప ఇంకేం రాలేదు.