ఒక లీటరు ఓఆర్‌ఎస్ పొట్లం: సాగర్ దారిలో విదేశీ అతిథులను తిప్పేవాడి సమీక్ష

మందుల దుకాణంలో సుమారు ఇరవై రూపాయలకు దొరికే, లీటరు నీళ్లలో కలుపుకొనే మామూలు ఓఆర్‌ఎస్ పొడి గురించి, అంటే విరేచనాలప్పుడు తాగే ఉప్పూ గ్లూకోజూ కలిసిన పొడి గురించి రాస్తున్నాను. ఏ కంపెనీదైనా ఫరవాలేదు, లోపలి పాళ్లు సరిగా ఉంటే చాలు. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ దగ్గరి బౌద్ధ క్షేత్రాలైన బుద్ధవనానికీ నాగార్జునకొండకూ విదేశీ యాత్రికులను తీసుకెళ్లడం నా వృత్తి. శ్రీలంక, థాయిలాండ్, జపాన్ వాళ్లు వస్తుంటారు. దేవరకొండ, మిర్యాలగూడ వైపు సొంతూళ్లకు అమెరికా నుంచి పిల్లలతో వచ్చే మనవాళ్లూ మా బండి ఎక్కుతారు. అందరికీ ఉండే భయం ఒకటే, కడుపు చెడుతుందేమోనని. ఆ భయం ఉత్తది కాదు. వెళ్లిన చోటునూ కాలాన్నీ బట్టి, రెండు వారాల ప్రయాణంలో నూటికి 30 నుంచి 70 మందికి విరేచనాలు పట్టుకుంటాయని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. సొంతూరికి వచ్చామన్న ధైర్యంతో చుట్టాలింట్లో ఏది పెడితే అది తినే మనవాళ్లకూ ఈ ముప్పు తక్కువేం కాదు.

పొట్లం కొనేటప్పుడు నేను చూసేది వెనక వైపు అంకెలే. మొత్తం 20.5 గ్రాములు ఉండాలి: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన పాళ్లు ఇవి. రుచి కోసం కలిపినవాటి వల్ల మొత్తం బరువు కాస్త ఎక్కువగా కనిపించవచ్చు, ఈ నాలుగూ మాత్రం మారకూడదు. ప్రయాణికులకు వచ్చే విరేచనాలకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలి రకం బాక్టీరియా పేగులో విషం వదులుతుంది, దాంతో ఒంట్లోని నీళ్లు బయటికి పోతాయి. అంత జరుగుతున్నా గ్లూకోజు, ఉప్పు జంటగా పేగు గోడ దాటే దారి మూసుకుపోదు, వాటి వెంట నీళ్లూ లోపలికి వెళ్తాయి. అందుకే పాళ్లు అంత ముఖ్యం. చక్కెర ఎక్కువైతే పేగు ఇంకా నీళ్లు వదులుతుంది.

దుకాణంలో "ఓఆర్‌ఎస్ ఇవ్వన్నా" అంటే చాలాకాలం తియ్యటి పండ్లరసం డబ్బా చేతిలో పెట్టేవారు. పేరులో ఓఆర్‌ఎస్ ఉండేది, లోపల చక్కెర నీళ్లు. దీని మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అయినా మీరు మాత్రం "లీటరుకు కలిపే పొడి" అని విడమరిచి అడగండి.

కలపడంలో ఒక చిక్కుంది. కొన్న లీటరు నీళ్ల సీసా అంచు దాకా నిండి ఉంటుంది, పొడి పోస్తే పొంగి కారిపోతుంది. ముందు ఒక గ్లాసు నీళ్లు పక్కకు తీసి, పొడి మొత్తం పోసి, సీసా బాగా ఊపి, తీసిన నీళ్లు మళ్లీ అందులోనే కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం పొట్లం పోయడం ప్రమాదం, ఉప్పు రెట్టింపవుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

పోయిన చలికాలం సాగర్ లాంచీ స్టేషన్ దగ్గర కొలంబో నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు వాంతులు, నీళ్ల విరేచనాలతో కూలబడిపోయారు. గ్లాసు నోటికి పెడితే వెంటనే కక్కేశారు. పది నిమిషాలు ఆగి, సీసా మూతతో ఒక్కో మూత చొప్పున తాగించాను. మూత అంచు ఆమె పెదవులకు ఆనిస్తూ, మింగారో లేదో గొంతు చూసుకుంటూ కూర్చున్నాను. సీసా సగం అయ్యేసరికి చూపు తేటపడింది, సాయంత్రానికి మూత్రం వచ్చింది. విరేచనాలు మాత్రం ఆ రోజు ఆగలేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. "తాగినా ఆగలేదు, పనికిరాని సరుకు" అని కోప్పడేవాళ్లను ఎంతమందినో చూశాను. విరేచనాలు ఆపడం దీని పని కాదు, పోయిన నీళ్లూ లవణాలూ తిరిగి నింపడమే దీని పని. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో చనిపోతుంటే, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇలాంటి ద్రావణమే డ్రమ్ముల్లో కలిపి పంచి మరణాలను నూటికి 30 నుంచి 4 లోపుకు దించారు. సెలైన్ సీసాలు అయిపోయినచోట అంతమందిని నిలబెట్టిన పొడి ఇది.

మలంలో రక్తం కనబడినా, జ్వరం ఉన్నా, మూత్రం రాకపోయినా, తాగింది నిలవకపోయినా పొట్లాన్ని నమ్ముకొని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం, జ్వరం ఉన్నప్పుడు విరేచనాలు బిగబట్టే లోపెరమైడ్ మాత్ర వేసుకోకూడదు. దుకాణంలో చీటీ లేకుండా చేతికిచ్చే యాంటీబయాటిక్ మాత్రలూ వద్దు. మన వైపు క్రిముల్లో చాలావాటికి సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి లొంగడం లేదు, ఏది వాడాలో డాక్టరే చెప్పాలి.

నల్లగొండ నీళ్లు అనగానే అతిథులు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. అది ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకలను, పళ్లను తినేసిన శాపం, మర్రిగూడ, మునుగోడు వైపు ఇప్పటికీ ఆ వంగిన నడుములు కనబడతాయి. నాలుగు రోజులు ఉండి పోయే మనిషికి భయం క్రిములతోనే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు కానీ, క్రిములు చస్తాయి. అందుకే పొడి కలపడానికి మూత బిగింపు చెదరని సీసా నీళ్లో, కాచి చల్లార్చినవో వాడతాను.

రుచి సంగతి: నారింజ రకం పిల్లలు తాగుతారు, నిమ్మ రకం పెద్దలకు నయం. వేసవిలో కారులో ఉంచితే పొడి గడ్డకడుతుంది, సంచిలో పెట్టుకోవడమే మేలు. లోపాల్లో పెద్దది అక్షరాలు. నేను కొన్న పొట్లాల మీద కలిపే విధానం చీమ తలంత అక్షరాల్లో ఇంగ్లిషులో, హిందీలో ఉంది. తెలుగు లేదు, బొమ్మ కూడా లేదు. లీటరు సీసా బొమ్మ ఒక్కటి వేస్తే చదువు రాని తల్లికీ, ఇంగ్లిషు రాని థాయ్ అతిథికీ అర్థమయ్యేది. ఆ ఒక్కదానికే ఐదులో ఒక మార్కు తీసేసి నాలుగు ఇస్తున్నాను.