ఏఏ మీటింగులు: కొన్నేళ్లుగా వెళుతున్న సభ్యుడి సమీక్ష

తాగుడు మానడం కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు నేను కొన్నేళ్లుగా వెళుతున్నాను. మొదటి వారంలోనే రాసి ఉంటే ఈ సమీక్ష వేరేలా ఉండేది. అప్పట్లో నాకు నచ్చనివి చాలా ఉండేవి, వాటిలో కొన్ని ఇప్పటికీ నచ్చవు. అయినా ఎవరైనా అడిగితే వెళ్లమనే చెబుతాను. కాకపోతే, ఏఏ మంచిదా కాదా అన్న ప్రశ్న కన్నా మీరు వెళ్లబోయే మీటింగు ఎలాంటిదన్న ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం.

మీటింగు ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో ఏఏ వెబ్‌సైట్లోనో హెల్ప్‌లైన్లోనో తెలుస్తుంది. జాబితాలో ఉన్న వేళలు మారిపోయి ఉండవచ్చు కనుక బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు, తోడుగా ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లవచ్చు. క్లోజ్డ్ మీటింగు మాత్రం తాగుడు మానాలనుకునే వారికే. ఆ కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత ఏదీ లేదు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు, సంతకం పెట్టనక్కరలేదు, రుసుము లేదు. చివర్లో చందా కోసం ఒక పళ్లెమో సంచో చుట్టూ తిరుగుతుంది. వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. బయటివారి విరాళాలు తీసుకోకూడదన్నది వీరి నియమం. దానివల్ల గదులు సాదాసీదాగా ఉంటాయి, కానీ వచ్చినవాడికి ఏదో అంటగట్టే బాపతు ఉండదు.

సాధారణంగా మీటింగు గంట, గంటన్నర సాగుతుంది. తాగుడు నుంచి బయటపడే దారిగా ఏఏ చెప్పే, 1939లో అచ్చయిన పన్నెండు మెట్లను ఎవరో ఒకరు చదువుతారు, తరువాత ఒక్కొక్కరే మాట్లాడతారు. ఒకరు చెబుతుంటే మరొకరు అడ్డుపడకూడదు, చెప్పాక సలహా ఇవ్వకూడదు. వినడానికి చిన్న నియమంలా కనిపించినా, ఇంట్లోనూ బయటా అన్నాళ్లూ హితబోధలే విన్న మనిషికి అది ఎంత ఊరటో అనుభవిస్తే గానీ తెలియదు. మొదటి రోజు నోరు విప్పకుండా వెనక వరుసలో కూర్చున్నా సరిపోతుంది.

నాకు బాగా ఉపయోగపడింది మాత్రం మీటింగుకు ముందు, తరువాత కుర్చీలు సర్దే సమయం. మా బృందంలో ఒక పెద్దాయన కొత్తగా వచ్చినవారికి నీళ్ల గ్లాసు సగం వరకే నింపి ఇస్తారు. చేతులు వణుకుతున్నవాడు నిండు గ్లాసు పట్టుకుంటే నలుగురిలో ఒలకబోసుకుంటాడని ఆయనకు తెలుసు. ఆ విషయం ఆయన ఏనాడూ పైకి అనలేదు. చాలాకాలం చూశాకే నాకు అర్థమైంది. ఫోన్ నంబర్లు చేతులు మారేది కూడా ఆ సమయంలోనే. రాత్రిపూట మనసు లాగినప్పుడు పనికొచ్చేది ఆ నంబరే. పాత సభ్యుల్లో ఒకరిని స్పాన్సర్‌గా, అంటే మెట్ల దారిలో తోడుండి నడిపించే మనిషిగా, ఎంచుకునేది కూడా అలా పరిచయాలు పెరిగాకే.

ఇక లోపాల సంగతి. మెట్లలో దేవుడి ప్రస్తావన పదేపదే వస్తుంది. ‘మేము అర్థం చేసుకున్న రీతిలోని దేవుడు’ అనే వెసులుబాటు ఉన్నప్పటికీ, నమ్మకం లేనివారికి అది ఇబ్బందిగానే ఉంటుంది. అలాంటివారు 1994లో మొదలైన, ఆలోచనా ధోరణిని మార్చుకునే పద్ధతులపై నడిచే స్మార్ట్ రికవరీ అనే మరో సంస్థ మీటింగులను చూడవచ్చు. నేను కొన్నాళ్లు వెళ్లి మానేసిన ఒక బృందంలో, డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా మత్తేనని, వాటిని ఆపేయాలని ఒక పాత సభ్యుడు కొత్తవారికి చెబుతుండేవాడు. సభ్యులు వైద్యుల పాత్ర పోషించకూడదని ఏఏ స్వయంగా చెబుతుంది కనుక, ఇలాంటి మాట వినబడితే మరో మీటింగు వెతుక్కోండి. తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు వాడుతూనే మీటింగులకు రావచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతిభ్రమణంతో కూడిన ప్రాణాంతక స్థితి కూడా తలెత్తవచ్చు. అలాంటివారు ముందు వైద్యుడిని కలవాలి, మీటింగు ఆ తరువాత.

పని చేస్తుందా అంటే, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష ప్రకారం, ఏఏలో చేరేలా ప్రోత్సహించే క్రమబద్ధమైన చికిత్సలు పూర్తిగా మానివేయించే విషయంలో ఇతర చికిత్సల కన్నా మెరుగైన ఫలితాలనే చూపాయి. నేను చూసినంతలో, నిలదొక్కుకున్నవారిలో చాలామంది మధ్యలో ఒకసారైనా జారినవారే. జారినవారికి రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆ సిగ్గుతోనే కొందరు రావడం మానేస్తారు, ఆ లెక్క పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చదు. అందుకే బృందాన్ని ఎంచుకునేవారు అక్కడ ఏళ్ల తరబడి మానినవారు ఎందరున్నారని కాక, తాగి తిరిగొచ్చినవాడితో ఎలా మాట్లాడుతున్నారో గమనించాలి. దానికి ఒక్క మీటింగు చాలదు. రెండు మూడు చోట్లకు, వేర్వేరు వేళల్లో వెళ్లి చూడండి. మహిళలకు ప్రత్యేక మీటింగులు, ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉన్నాయి. తాగేవారు రానంటే, వారి కుటుంబసభ్యులు, తాగేవారి ఇంట్లోవాళ్ల కోసమే నడిచే అల్-అనాన్ మీటింగులకు తమంతట తామే వెళ్లవచ్చు.